నురుగు ఎవరి మాట?

పోయిన సంవత్సరం కర్నూలులో బి.ఏ. విద్యార్థులకు భాషాచరిత్ర పాఠం చెబుతూ నేను నల్లబల్ల మీద నాలుగు మాటలు వరసగా రాశాను. సంస్కృతంలో ఫేనం, లాటిన్‌లో స్పూమా, ప్రాచీన ఆంగ్లంలో ఫామ్, నేటి ఇంగ్లీషులో ఫోమ్. ఈ నాలుగూ ఒకే మూలం నుంచి వచ్చినవనీ, వేల మైళ్ల దూరాన వున్న జనుల నోళ్లలో ఒకే మాట వేరు వేరు రూపాలు ధరించిందనీ వివరించాను. పాఠం బాగానే సాగుతున్నదనుకుంటున్న సమయంలో వెనుక బల్ల మీద నుంచి ఒక అమ్మాయి లేచి, "మరి మన నురుగు ఎవరి బిడ్డ సార్?" అని అడిగింది.

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. మీ ఇంట్లో నురుగును గురించి ఏమనుకుంటారో చెప్పమన్నాను. ఆ పిల్ల కొంచెం జంకుతూ, "మా నాయన నురగ చూసే చెప్తాడు సార్, బానలో సౌడు చాలిందో లేదో" అన్నది. వాళ్లది బట్టలుతికే ఇల్లు. నేను అలవాటు కొద్దీ, "సౌడు కాదమ్మా, చౌడు" అని దిద్దాను. ఆమె కూర్చున్నది. ఆ పీరియడ్‌లో మళ్లీ నోరు విప్పలేదు.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబుగానూ, నేను చేసిన దిద్దుబాటుకు సంజాయిషీగానూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఇంగ్లీషు మాటల సంగతి చూద్దాం. 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ఉపన్యాసంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఏదో ఒక మూలభాష నుంచి పుట్టి వుండాలని ప్రతిపాదించాడు. ఆ భాషల నడుమ ధ్వనులు ఎట్లా మారాయో 1822లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ సూత్రీకరించాడు. మనం "పాదం" అన్నది ఇంగ్లీషువాడి నోట "ఫుట్" అయింది. "పితృ" శబ్దానికి చుట్టం "ఫాదర్" అయింది. అదే దారిలో పకారంతో మొదలైన పాత మాట ఒకటి ఇంగ్లీషులో ఫోమ్‌గా నిలిచింది. లాటిన్‌వాళ్లు దాని ముందు సకారాన్ని నిలుపుకుని స్పూమా అన్నారు. అగ్నిపర్వతం కక్కిన లావా నురగలు కట్టి చల్లారగా ఏర్పడే తేలికరాయిని ప్యూమిస్ అంటారు. ఆ పేరు కూడా ఈ కుదురులోనిదే.

అయితే ఇంగ్లీషులో నురుగును చెప్పే మాటలన్నీ ఈ ఒక్క కుటుంబానివే అనుకోవటం పొరపాటు. ఫ్రాత్ అనేది సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన నోర్స్ జనుల మాట. వారి భాషలో దాని రూపం ఫ్రోదా. స్కమ్ అనేది ఎదుటి తీరాన వున్న డచ్చి, దిగువ జర్మన్ ప్రాంతాల నుంచి వచ్చింది. నేటి జర్మన్‌లో నురుగుకు వాడే షౌమ్ దానికి తోబుట్టువు. బబుల్ అనేది నీటి శబ్దాన్ని అనుకరిస్తూ పుట్టిందని నిఘంటుకారులు చెబుతారు. దండెత్తి వచ్చినవాళ్లూ, సరుకులు మోసుకొచ్చినవాళ్లూ, పొరుగువాళ్లూ కలిసి పోసిన కుండ ఇంగ్లీషు భాష.

ఇక నురుగు. తమిళుడు నురై అంటాడు. కన్నడిగుడు నొరె అంటాడు. మలయాళంలో నుర, తుళులో నురె. మన కర్నూలు, కడప పల్లెల్లో నురగ. ఇది ఫేనం నుంచి వికృతి చెంది వచ్చిన మాట కాదు. దక్షిణాది భాషల సొంత ఆస్తి. మన భాషలన్నీ సంస్కృతానికి పుట్టిన బిడ్డలే అని నమ్ముతున్న రోజుల్లో, 1816లో వెలువడిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో ఫ్రాన్సిస్ ఎల్లిస్ ఈ సంగతిని నిరూపించాడు. దానికి కావలసిన ధాతువుల పట్టికలను మద్రాసు సెంట్ జార్జి కోట కళాశాలలోని పట్టాభిరామశాస్త్రి వంటి మన పండితులే సమకూర్చారు. మరి 40 ఏళ్లకు, 1856లో, కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించాడు. పేరు కాల్డ్వెల్‌కు దక్కింది. ఎల్లిస్‌ను కొందరైనా తలుచుకుంటారు. పట్టికలు రాసిన శాస్త్రిగారిని తలిచేవారు అరుదు.

కడపవారికి ఈ అనుభవం కొత్త కాదు. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, తరువాత అక్కడే ఒక బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పోషించి, తాటాకు ప్రతులను సేకరించి పరిష్కరింపజేశాడు. ఆయన నిఘంటువులు 1852-54 సంవత్సరాల నడుమ అచ్చయినాయి. తెలుగువారు ఆయనకు రుణపడి వున్నారనటంలో సందేహం లేదు. ఆ బంగళా వున్న చోట నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రం నడుస్తున్నది. కాని ఆ బంగళాలో కూర్చుని ప్రతులు సరిచూసిన జూలూరి అప్పయ్య వంటి పండితులను మన విద్యార్థులు ఎందరు ఎరుగుదురు? ఆ పండితులకు కూడా తెలియని మాటలు చాకిరేవుల్లోనూ, గానుగల దగ్గరా, నీలిమందు తొట్లలోనూ వుండేవి. వాటిని పలికినవారి పేరు ఏ పీఠికలోనూ వుండదు.

అందుచేత ఒక మాటకు వంశవృక్షం గీసినంత మాత్రాన దాని చరిత్ర చెప్పినట్టు కాదు. రక్తబంధుత్వం ఒక్కటే భాషాచరిత్ర అనుకున్నవారు, భాషా కుటుంబాన్ని జాతి కుటుంబంగా పొరబడి, "ఆర్య" శబ్దం చుట్టూ గత శతాబ్దపు ఐరోపాలో ఎంత రక్తపాతానికి దారి తీశారో మనకు తెలుసు. మాటను పుట్టించిందెవరు అన్నది ఒక ప్రశ్న. దాన్ని ఎవరు, ఎవరి మీద, ఏ పనికోసం వాడారు అన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

స్కమ్ అనే మాటనే తీసుకుందాం. ఆది అర్థంలో అది వట్టి నురుగు. మరిగే కుండ మీద పైకి తేలేది. తరువాత, తీసి పారవేయదగిన తెట్టు అనే అర్థం వచ్చింది. 16వ శతాబ్దం చివరికి అది మనుషుల మీదికి మళ్లింది. సంఘంలో అట్టడుగున వున్నవారిని ఆ మాటతో పిలవటం మొదలైంది. ఇందులో ఒక విచిత్రం గమనించాలి. కుండలో తెట్టు పైన వుంటుంది, అడుగున కాదు. ఉపమానం సరిగ్గా పొసగాలంటే ఆ మాట పైవారికే తగలాలి. కాని ఉపమానాలు చెప్పే అధికారం పైవారి చేతిలో వున్నంతకాలం కుండను తలకిందులు చేయటం వారికి కష్టం కాలేదు.

1813లో స్పెయిన్ యుద్ధరంగం నుంచి రాసిన ఒక లేఖలో వెల్లింగ్టన్ తన సొంత సైనికులనే ఈ స్కమ్ అనే మాటతో వర్ణించాడు. వెల్లింగ్టన్ అంటే మనకు పరాయివాడు కాడు. అతడే 1799లో మైసూరు యుద్ధంలో పాల్గొన్న ఆర్థర్ వెల్లెస్లీ. ఆ యుద్ధాల్లో తనకు వచ్చిన ప్రాంతాలను నిజాము 1800లో కుంపిణీకి అప్పగించాడు. కడప సీమ ఆ విధంగానే వారి చేతికి పోయింది. ఆనాటి నుంచి ఈ ప్రాంతానికి దత్తమండలాలు అని పేరు. అంటే ఒకరు మరొకరికి ఇచ్చివేసిన నేల. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించిన తరువాత గాని ఆ మాట వదలలేదు. తన కోసం ప్రాణాలిచ్చిన కూలి సైనికుడిని తెట్టు అనగలిగినవారికి, ఒక సీమ మొత్తాన్ని దానపు వస్తువు అనటం ఏమంత పని?

న్యాయానికి ఒక మాట చెప్పాలి. అదే ఇంగ్లీషులో షేక్స్పియర్ ఒక నాటకంలో తండ్రి ఆస్తి మీద బతికే తెలివితక్కువ పెద్దమనిషికి ఫ్రాత్ అని పేరు పెట్టాడు. నురుగు చేరవలసిన చోటికి చేరిన సందర్భాలు కూడా సాహిత్యంలో వున్నవన్న మాట.

ఇప్పుడు ఆ అమ్మాయి చెప్పిన సౌడు దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో సబ్బు నురుగును లాథర్ అంటారు. ప్రాచీన ఆంగ్లంలో ఈ మాటకు రెండర్థాలు వుండేవి. ఒకటి నురుగు, రెండోది ఉతకటానికి వాడే సోడాకారం. నేను ఈ సంగతి ఎన్నోసార్లు చదివాను, ఒకటి రెండుసార్లు పాఠంలో చెప్పాను కూడా. కాని ఆ కారానికీ ఆ నురుగుకూ ఒకే మాట ఎందుకు సరిపోయిందో నాకు ఆ పిల్ల మాటతో గాని తెలియలేదు. వానలు తక్కువగా వుండి, నీరు ఇంకక ఆవిరైపోయే మన నేలల్లో కారపు లవణాలు పైకి తేలి తెల్లగా పేరుకుంటాయి. పైరుకు అది శత్రువు. సేద్యగాడు చౌడు నేల అని తిట్టుకుని వదిలేసిన ఆ మట్టినే చాకలి తవ్వి తెచ్చి బట్టలు ఉబ్బకు పెట్టాడు. బట్టలోని జిడ్డు, మట్టిలోని కారం వేడినీటిలో కలిసి ఒక విధమైన సబ్బుగా మారతాయి. నురగ కట్టటం దానికి గుర్తు. ఆ తండ్రి నురగ చూసి చౌడు చాలిందో లేదో చెప్పటం రసాయనశాస్త్రమే. ఎన్నడో ఒక ఇంగ్లీషు చాకలి కూడా ఇదే చూసి వుండాలి. అందుకే ఆ భాషలో కారమూ నురుగూ ఒకే పేరు మోశాయి. సౌడుకూ లాథర్‌కూ రక్తబంధుత్వం లేదు. వున్నది శ్రమబంధుత్వం.

సంస్కృతంలోనూ ఈ బంధుత్వం కనబడుతుంది. కుంకుడుకు ఫేనిలం అని పేరు. నురుగు గలది అని అర్థం. ఆ పేరు కోశాల్లో మిగిలింది. కుంకుడుకాయ ఇళ్లలో మిగిలింది. మా అవ్వ ఆదివారం పూట నా తలకు కుంకుడు రసం పోస్తూ, కంట్లో పడిందని నేను ఏడిస్తే, "నురగ వచ్చె గదా అని వదిలిపెడ్తే చాల్దురా, జిడ్డు పోవల్ల" అనేది. ఇప్పుడు మా పల్లె అంగడిలో రూపాయికొక షాంపూ పొట్లం దొరుకుతున్నది. ఆ మాట మాత్రం ఎక్కడిది? హిందీలో ఒత్తటం, మర్దన చేయటం అనే అర్థం గల "చాంప్నా" అనే క్రియ నుంచి 18వ శతాబ్దంలో ఇంగ్లీషువారు దాన్ని ఎత్తుకున్నారు. దొరల ఒళ్లు పట్టిన సేవకుల చేతిపని అది. బీహారు నుంచి వెళ్లిన షేక్ దీన్ మొహమ్మద్ 19వ శతాబ్దం తొలినాళ్లలో బ్రైటన్ పట్టణంలో స్నానశాల పెట్టి ఆ పనికి అక్కడ పేరు తెచ్చాడు. ఆ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఆ మాట తల రుద్దుకోవటానికీ, తరువాత ఆ నురుగు మందుకూ పేరయింది. చేతులు మాయమై నురుగు మిగిలింది.

సరుకు మిగిలి చేతులు మరుగున పడటం మన కడప జిల్లా చరిత్రలోనే వున్నది. 19వ శతాబ్దంలో ఈ జిల్లా నుంచి ఎగుమతి అయిన ముఖ్యమైన సరుకుల్లో నీలిమందు ఒకటి. నీలి ఆకును తొట్లలో నానబెట్టి, ఆ నీటిని కింది తొట్టిలోకి వదిలి, కూలీలు అందులో దిగి కర్రలతోనూ తెడ్లతోనూ గంటల తరబడి చిలుకుతారు. గాలి తగిలే కొద్దీ పచ్చని నీరు నీలమవుతుంది. నీలపు నురగ పైకి పొంగుతుంది. ఆ నురగ రంగు మారి అణగటం చూసి పని ఎప్పుడు ఆపాలో తెలుసుకుంటారు. ఎక్కువ చిలికినా చెడుతుంది, తక్కువ చిలికినా చెడుతుంది. బెంగాలులో ఇదే నీలిమందు కోసం రైతులను పీడించగా 1859లో తిరుగుబాటు లేచింది. 1860లో దీనబంధు మిత్ర "నీల్ దర్పణ్" నాటకం రాశాడు. మన తొట్ల నురగ మీద అటువంటి నాటకం రాలేదు.

ఆ సరుకు మద్రాసు చేరిన తరువాత మరొక నురగ దాటాలి. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల దాకా మద్రాసుకు ఓడరేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేస్తే, పలకలను తాళ్లతో కుట్టి కట్టిన మసూలా పడవల్లో సరుకునూ దొరలనూ ఎక్కించుకుని, విరిగిపడే అలల నురగలోంచి పడవవాళ్లు తెడ్లు వేసుకుంటూ చేర్చేవారు. ఆ విరిగే అలల నురగకు ఇంగ్లీషులో సర్ఫ్ అని పేరు. ఆ మాట పుట్టుక పండితుల్లో నేటికీ వివాదంగానే వున్నది గాని, దాని తొలి ప్రయోగాలు మన దేశపు తీరాన్ని గురించినవే. 1959లో అదే పేరుతో ఒక బట్టల పొడి మన దేశంలో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు మన పల్లెల్లో ఏ కంపెనీ పొడినైనా "సర్ఫు" అనే అంటారు. ఆ పొడి వచ్చి చౌడును వెనక్కు నెట్టింది. నీలిమందును అంతకు ముందే, 1897లో జర్మనీలో ఒక రసాయన కర్మాగారం మార్కెట్‌లోకి తెచ్చిన కృత్రిమ నీలం దెబ్బతీసింది. యంత్రం రావటం తప్పు కాదు; తొట్టిలో మునిగి చిలికే బాధ తీరటం మంచిదే. కాని ఆ చేతులకు మరొక పని చూపే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. పనితో పాటు ఆ పని మాటలూ పోయినవి.

చివరిగా బుడగ సంగతి. మన పురాణ శ్రవణాల్లో, వేదాంత గ్రంథాల్లో బుద్బుదం అంటే అశాశ్వతం. నీటి బుడగ వంటి జీవితం అని వినని తెలుగువాడు లేడు. ఇంగ్లీషు బబుల్‌కు మరొక అర్థం కూడా వున్నది. 1720లో లండన్‌లో, బానిసల వ్యాపారపు హక్కు చేతిలో పెట్టుకున్న సౌత్ సీ కంపెనీ వాటాల ధర ఆకాశానికి ఎక్కి కూలింది. ఆనాటి నుంచి బబుల్ అంటే వాటాల బజారు మోసం కూడా.

మన సీమలో బుడగకు జనం పెట్టుకున్న మాట బుగ్గ. ఆ మాటకు నీటిబుడగ అనీ, ఊట అనీ రెండర్థాలు. నేల లోపలి నీరు బుడబుడమంటూ పైకి వచ్చే చోటు బుగ్గ. కడప పట్టణంలో పారేది బుగ్గవంక. నంద్యాల దగ్గర మహానంది కోనేరులో అడుగు నుంచి నీరు ఏడాది పొడుగునా ఊరుతూ, బయటికి పారి, చుట్టుపట్ల పొలాలను తడుపుతున్నది. 1876-78 కరువులో కర్నూలు జిల్లా ఎంత ఘోరంగా దెబ్బతిన్నదో చరిత్ర చదివినవారికి తెలుసు. అటువంటి నేల మీద బతికినవాడికి నీటి బుడగ కనిపించటం అశాశ్వతానికి గుర్తు ఎట్లా అవుతుంది? వాడికి అది బతుకు. నిండు చెరువు గట్టున కూర్చున్నవాడు బుడగ పగలటం చూశాడు. గొంతెండినవాడు బుడగ పుట్టటం చూశాడు. అయితే బుగ్గను కూడా పూజించి వూరుకోరాదు. 2001లో ఆ బుగ్గవంకే పొంగి కడప పట్టణాన్ని ముంచెత్తింది. వరద వచ్చినా కరువు వచ్చినా మొదట మునిగేదీ ఎండేదీ పేదవాడి గుడిసే.

లండన్ వాటాల కథకు కూడా మన జిల్లాల్లో ఒక అధ్యాయం వుంది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్వటానికి 1860 ప్రాంతాల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పూనుకున్నది. పదిలక్షల పౌండ్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ ప్రభుత్వమే హామీ ఇచ్చింది. అంటే లాభం వచ్చినా రాకపోయినా లండన్ వాటాదారుడికి ఈ దేశపు ఖజానా నుంచి వడ్డీ ముడుతుంది. కంపెనీ వ్యాపారంగా దెబ్బతిన్నది. 1882లో ప్రభుత్వం దాన్ని కొన్నది. బుడగ పగిలింది గాని కాలువ మిగిలింది. కె.సి. కెనాల్ కింద నేటికీ వరి పండుతున్నది. కాలువను తవ్వింది వాటాలు కావు, ఉప్పరుల పారలు, గంపలు.

ఈ మాటలన్నీ ఇంత వివరంగా చెప్పటానికి కారణం ఒకటే. మాట చరిత్ర గ్రంథాల్లో సగం, పనిలో సగం వుంటుంది. గ్రంథాల సగాన్ని జోన్స్, గ్రిమ్, ఎల్లిస్, కాల్డ్వెల్ వంటివారు చాలావరకు తేల్చారు. పనిలో వున్న సగాన్ని తీయటం మొదలుపెట్టినవారు మనలో లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం వెలువడింది. పల్లె పల్లెకూ తిరిగి, రైతుల నోటి మాటలను వారు పలికినట్టే రాసుకున్న గ్రంథం అది. తరువాత చేనేత మాటలు వచ్చినవి. కాని ఈ పని కొద్దిమంది పండితుల వల్ల తెమిలేది కాదు. మన కళాశాలల్లో ఇప్పుడు చాకలివారి, ఉప్పరుల, నేతగాళ్ల, గొర్రెల కాపరుల పిల్లలు చదువుతున్నారు. మొదటి తరం చదువు అది. తమ ఇంటి మాట తరగతికి పనికిరాదని మనం వారికి నేర్పితే, ఆ మాటలు వారితోనే ఆగిపోతాయి. ఆ తండ్రి బానకు చివరి సాక్షి ఆ బిడ్డే. ఆ సాక్షి నోరు మూయించేవాళ్లు పాలకవర్గంవారే కానక్కరలేదు. అభ్యుదయం మాట్లాడే ఉపాధ్యాయుడైనా సరిపోతాడు. నేను సరిపోయాను.

మరుసటి వారం ఆ తరగతికి వెళ్లినప్పుడు బల్ల మీద మళ్లీ ఆ నాలుగు మాటలు రాశాను. వాటి కింద నురుగు, నురై, నొరె రాశాను. ఆ పక్కన లాథర్ రాసి, దాని ఎదురుగా సౌడు అని, ఆమె పలికినట్టే రాశాను. తప్పు నాదని తరగతిలోనే చెప్పాను. ఆ అమ్మాయి కొంచెంసేపు బల్ల వంక చూసి లేచి నిలబడింది.

"ఇంకా ఉన్నాయి సార్ మాటలు. మా నాయన్ను అడిగి రాసుకొస్తా" అన్నది.

రాసుకొచ్చింది. రెండు పుటలు. అందులో నాకు తెలిసిన మాటలు సగం కూడా లేవు. తరగతిలో మిగిలినవారిని కూడా వారి ఇళ్ల మాటలు తెమ్మన్నాను. ఈ వ్యాసం చదివే తోటి ఉపాధ్యాయులనూ అదే కోరుతున్నాను.